పాట వాళ్లది... ఊపిరి రికోది!

ఒకే పాట. రెండు రికార్డింగులు. మధ్యలో పన్నెండేళ్లు. పాడినవాళ్లు మారారు, తరం మారింది, డిస్కులు కొన్న జనమూ మారారు. మారనిది ఒక్కటే... అందులో వినిపించే ట్రాంబోన్! ఆ వాద్యం వెనక ఉన్న మనిషి పేరు రికో రోడ్రిగెజ్. ఆరు దశాబ్దాల పాటు ఇతరుల పాటలకు ఊపిరి పోసిన వాద్యకారుడి కథ ఇది.

1967లో లండన్‌లో ఓ పాట రికార్డయింది. పేరు ‘రుడీ, ఎ మెసేజ్ టు యూ’. పాడింది డ్యాండీ లివింగ్‌స్టన్ అనే జమైకా కుర్రాడు. వీధుల్లో జులాయిగా తిరిగే పోకిరీలకు ‘బుద్ధి తెచ్చుకోండిరా’ అని చెప్పే పాట అది. బ్రిటన్‌లోని జమైకన్ల ఇళ్లలో బాగా తిరిగింది. తర్వాత జనం మరిచిపోయారు.

1979లో ‘ది స్పెషల్స్’ అనే కుర్రాళ్ల బృందం ఆ పాటను వెతికి పట్టుకుంది. పేరులోని మాటల్ని కాస్త అటూ ఇటూ మార్చి మళ్లీ పాడింది. ఈసారి అది బ్రిటన్ టాప్ టెన్‌లోకి దూసుకెళ్లింది. పాటతో పాటు ఆ బృందం మరొకరిని కూడా వెతికి పట్టుకుంది. పాత రికార్డులో ట్రాంబోన్ వాయించిన మనిషినే పిలిపించి, మళ్లీ ఆయన చేతే వాయింపించింది. అంతటితో ఆగలేదు. డిస్కు మీద తమ పేరు పక్కనే ‘ఫీచరింగ్ రికో’ అని అచ్చు వేయించింది.

అప్పటికి రికో వయసు 45. స్టూడియోల్లో అడుగుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన ఊదిన పాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద ఆయన పేరు లేదు!

సెషన్ వాద్యకారుడి బతుకే అంత. పిలిస్తే వెళ్లాలి. చెప్పింది వాయించాలి. ఇచ్చింది పుచ్చుకోవాలి. మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలకు వయొలిన్లు, వేణువులు, తబలాలు వాయించిన వందలాది మందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? కింగ్‌స్టన్‌లోనూ, లండన్‌లోనూ అదే కథ.

నన్స్ నడిపిన బడిలో...

రికో అసలు పేరు ఇమ్మాన్యుయేల్ రోడ్రిగెజ్. 1934 అక్టోబరు 17న క్యూబా రాజధాని హవానాలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం పొరుగున ఉన్న జమైకాకు వచ్చేసింది. కింగ్‌స్టన్‌లో ఆ పిల్లాణ్ని చేర్చిన బడి పేరు ఆల్ఫా బాయ్స్ స్కూల్.

అదేమీ సంగీత కళాశాల కాదు. క్యాథలిక్ నన్స్ నడిపే బడి. దిక్కులేని పిల్లలు, పేదింటి పిల్లలు, అల్లరి మితిమీరి ఇంట్లోవాళ్లు పట్టలేని పిల్లలు అక్కడ చేరేవారు. చదువుతో పాటు ఏదో ఒక చేతిపని నేర్పేవారు. కుట్టుపని, చెప్పుల తయారీ, ప్రింటింగ్, తోటపని... ఆ వరుసలోనే బ్యాండు కూడా. బయటికెళ్లాక ఏ మిలటరీ బ్యాండులోనో, హోటల్ బ్యాండులోనో చేరి నాలుగు రాళ్లు సంపాదించుకుంటారని వాళ్ల ఉద్దేశం. అంటే అక్కడ ట్రాంబోన్ కూడా కుట్టుమిషను లాంటిదే. పొట్టకూటి పనిముట్టు!

కానీ ఆ బడిలో సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అనే నన్ ఉండేది. సంగీతమంటే చెవి కోసుకునేది. బోలెడన్ని గ్రామఫోన్ రికార్డులు పోగుచేసి పిల్లలకు వినిపించేది. పనిముట్టుగా చేతికొచ్చిన వాద్యం వాళ్లకు ప్రాణమై కూర్చుంది. జమైకా సంగీతాన్ని ప్రపంచానికి చాటిన ‘స్కాటలైట్స్’ బృందాన్ని 1964లో మొదలుపెట్టినవాళ్లలో నలుగురు ఆ బడి పిల్లలే.

ఆ నలుగురిలో ఒకడు డాన్ డ్రమండ్. జమైకా పుట్టించిన మహా ట్రాంబోన్ విద్వాంసుడు. వయసులో రికో కంటే కాస్తే పెద్ద. బడిలో చిన్నపిల్లలకు వాద్యం నేర్పే బాధ్యత అతడిదే. రికోకు ట్రాంబోన్ పట్టుకోవడం నేర్పింది అతడే.

మీటలు లేని వాద్యం

ట్రంపెట్‌ను మన పెళ్లి బ్యాండుల్లో చూసే ఉంటారు. దానికి మూడు మీటలుంటాయి. నొక్కితే స్వరం మారుతుంది. ట్రాంబోన్‌కు మామూలుగా మీటలుండవు. విప్పదీస్తే దాదాపు తొమ్మిదడుగులుండే ఇత్తడి గొట్టాన్ని వంచి చేసిన వాద్యమది. అందులో కొంత భాగం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని ‘స్లైడ్’ అంటారు. ముందుకు జరిపితే గొట్టం పొడవై స్వరం దిగుతుంది. వెనక్కి లాగితే స్వరం ఎక్కుతుంది. మొత్తం ఏడు స్థానాలు. ఒక్కో స్థానానికి స్వరం అరమెట్టు చొప్పున దిగుతుంది.

చిక్కేమిటంటే, ఆ ఏడు స్థానాలకూ గొట్టం మీద గుర్తులుండవు. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. సరిగ్గా ఆగిందో లేదో చెవి చెప్పాలి. మన గోటువాద్యానికి మెట్లు లేనట్టే ఇదీ. అందుకే స్వరం నుంచి స్వరానికి జారుతూ పోవడం దీనికి సహజం. మనిషి గొంతుకు ఇంత దగ్గరగా వచ్చే ఇత్తడి వాద్యం మరొకటి లేదంటారు. మూలగగలదు, నవ్వగలదు, వెక్కిరించగలదు.

వాయించేవాడి పెదాల ఒత్తిడి, ఊపిరి నిడివి, చేతి వాటం... అన్నీ కలిస్తేనే ఆ నాదం. అందుకే ఒకరి ట్రాంబోన్ మరొకరి ట్రాంబోన్‌లా వినిపించదు. పేరు అచ్చు వేయకపోయినా రికోను చెవి పట్టుకున్నవాళ్లు పట్టుకున్నారంటే కారణం ఇదే.

కొండ దగ్గర డోళ్లు

1950ల్లో కింగ్‌స్టన్ వీధుల్లో ‘సౌండ్ సిస్టమ్’ల రాజ్యం. బీరువాలంత స్పీకర్లు వీధిలో పెట్టి, అమెరికన్ రికార్డులు వేసి, జనం చేత డ్యాన్సు చేయించేవారు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్, ఆ తర్వాత ప్రిన్స్ బస్టర్... ఎవరి అడ్డా వారిది. ఎవరి దగ్గర కొత్త పాట ఉంటే జనం వారి దగ్గరికే! అమెరికాలో అభిరుచి రాక్ అండ్ రోల్ వైపు మళ్లాక వీళ్లకు నచ్చే రికార్డులు తగ్గిపోయాయి. దాంతో సొంతంగా పాటలు చేయించుకోవడం మొదలుపెట్టారు.

అలా ఆల్ఫా బడి పిల్లలకు పని దొరికింది. రికోకు కూడా. థియోఫిలస్ బెక్‌ఫర్డ్ పాడిన ‘ఈజీ స్నాపింగ్’లో ట్రాంబోన్ అతడిదే. 1959లో విడుదలైన ఆ రికార్డును ‘స్కా’ సంగీతానికి తొలి అడుగుల్లో ఒకటిగా చెబుతారు. తాళంలో దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండే ఖాళీలో గిటారు, పియానో ‘చక్... చక్’మని పడటమే స్కా కిటుకు. తర్వాత అదే నడక నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. ఇంకా బరువెక్కి రెగే అయింది.

స్టూడియో పని అయ్యాక రికో మరో చోటికి వెళ్లేవాడు. కింగ్‌స్టన్‌కు తూర్పున వరైకా కొండలున్నాయి. అక్కడ కౌంట్ ఆస్సీ అనే డోలు విద్వాంసుడి చుట్టూ రాస్తాఫారీల గుంపు ఉండేది. జడలు కట్టిన జుట్టుతో, ఆఫ్రికాను తమ పుణ్యభూమిగా తలచే ఆ మనుషులంటే అప్పట్లో పట్నం పెద్దలకు చిన్నచూపు. పోలీసులకు అనుమానం. కానీ సంగీతకారులకు అదొక విశ్వవిద్యాలయం. బాస్, ఫుండే, రిపీటర్ అనే మూడు రకాల డోళ్లు గంటల తరబడి మోగుతుంటే, వాటి మీద కొమ్ము వాద్యకారులు మనసుకు తోచింది ఊదేవారు. గడియారం లేదు, నిర్మాత లేడు, మూడు నిమిషాల హద్దూ లేదు.

రికోకు బడి నేర్పింది పని. వరైకా నేర్పింది, ఆ పనిలో తనదంటూ ఒక గొంతు ఉండాలని. తర్వాత ఏ దేశంలో ఏ పాటకు వాయించినా ఈ రెండూ అతడి వెంటే ఉన్నాయి.

పగలు ఫ్యాక్టరీ... రాత్రి స్టూడియో

జమైకాలో సెషన్ వాద్యకారుడికి పాటకింతని చేతిలో పెట్టేవారు. అంతటితో సరి. రికార్డు వేలల్లో అమ్ముడైనా పైసా అదనంగా రాదు. 1961లో రికో లండన్ పడవ ఎక్కిన కుర్రాళ్ల బాటలో తానూ బయల్దేరాడు. మరుసటి ఏడాదే బ్రిటన్ వలసల మీద ఆంక్షలు పెట్టింది. అదే 1962 ఆగస్టులో జమైకా స్వతంత్ర దేశమైంది. స్వాతంత్ర్య సంబరాల్లో కింగ్‌స్టన్ అంతా స్కాతో ఊగుతుంటే, ఆ స్కాకు పునాది వేసినవాళ్లలో ఒకడు లండన్ చలిలో పని వెతుక్కుంటున్నాడు.

అక్కడ సంగీతం ఒక్కటే కడుపు నింపలేదు. కార్ల ఫ్యాక్టరీలోనూ పనిచేశాడు. ట్రాంబోన్‌ను మాత్రం వదల్లేదు. సోహో ప్రాంతంలోని ఫ్లమింగో క్లబ్‌లో పేరు మోసిన జార్జీ ఫేమ్ బృందంతో రిథమ్ అండ్ బ్లూస్ వాయించాడు. ‘బ్లూ బీట్’ లాంటి లేబుళ్లు వలసవచ్చినవారి కోసం తెచ్చిన స్కా రికార్డుల్లో ఊదాడు. ప్రిన్స్ బస్టర్ లండన్ వస్తే అతడితో వాయించాడు. 1967లో డ్యాండీ లివింగ్‌స్టన్ ‘రుడీ’ పాట కూడా అలా వచ్చిన పనే. మరో సెషన్, మరికొన్ని పౌండ్లు. దాని గురించి పన్నెండేళ్ల తర్వాత ఎవరో అడుగుతారని ఆ రోజు ఎవరనుకుంటారు?

అటు కింగ్‌స్టన్‌లో గురువు డ్రమండ్ కథ విషాదమైంది. మానసిక అనారోగ్యంతో ఏళ్ల తరబడి బాధపడ్డ అతడు 1965 జనవరి మొదట్లో తన సహచరి, నర్తకి మార్గరీటాను కత్తితో పొడిచి చంపాడు. కోర్టు అతణ్ని బెల్‌వ్యూ మానసిక ఆసుపత్రికి పంపింది. 1969 మే 6న అక్కడే చనిపోయాడు. జమైకా ట్రాంబోన్‌కు గురువు పోయాడు. శిష్యుడు పరాయి దేశంలో షిఫ్టుల మధ్య వాయించుకుంటున్నాడు. ఆ బాణీ నిలబడుతుందో లేదో తెలియని రోజులవి.

వరైకా మనిషి

1970ల నడుమ రోజులు మారాయి. బాబ్ మార్లే పుణ్యమా అని రెగే ప్రపంచమంతా మోగడం మొదలైంది. మార్లే రికార్డులు తెచ్చిన ఐలాండ్ సంస్థే రికోకూ అవకాశమిచ్చింది. 1976లో రికార్డు చేసిన ఆ ఆల్బం పేరు ‘మ్యాన్ ఫ్రమ్ వరైకా’. వరైకా మనిషి!

పదిహేనేళ్లు లండన్‌లో గడిపిన మనిషి తన ఆల్బంకు పెట్టుకున్న పేరు ఆ కొండదే. అందులో పాడేవారు ముందుండరు. నడిపించేది ట్రాంబోనే. వెనక స్లై డన్‌బార్ డ్రమ్స్, రాబీ షేక్‌స్పియర్ బాస్ గిటారు. తర్వాతి కాలంలో ప్రపంచమంతా కోరుకున్న జంట అది. అమెరికాలో ఆ ఆల్బంను జాజ్ సంగీతానికి పెట్టింది పేరైన ‘బ్లూ నోట్’ విడుదల చేసింది. రెగే ఆల్బం ఆ లేబుల్ మీద రావడం చాలా అరుదైన సంగతి.

ఆ తర్వాత పిలుపులు పెరిగాయి. 1979లో లింటన్ క్వేసీ జాన్సన్ ‘ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ’ అనే ఆల్బం చేశాడు. బ్రిటన్‌లోని నల్లజాతివారి కష్టాన్ని, కోపాన్ని జమైకా యాసలో పలికిన కవి అతడు. అందులో కవి మాట్లాడతాడు, పాడడు. అలాంటి చోట వాద్యం ఎక్కువైతే మాట వినబడదు. తక్కువైతే కవిత్వం ఎండిపోతుంది. అక్కడ రికో, అతడి జోడీ డిక్ కథెల్ కలిసి కొలిచినట్టు వాయించారు.

డ్యాన్సు పాటలో హుషారెక్కించాలి. కవి పక్కన తగ్గి ఉండాలి. క్లబ్బులో బ్లూస్ పలికించాలి. ఏ చోట ఎంత ఊదాలో తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ ఊదకూడదో తెలియడం ఒక ఎత్తు. సెషన్ వాద్యకారుడి విద్యంతా ఇక్కడే ఉంది. ఎన్ని రకాల సంగీతం వాయించినా రికో నాదం మాత్రం ఒక్కటే. తొందరపడదు. ఒక్కో స్వరాన్నీ నెమ్మదిగా, కాస్త దిగులుగా వదులుతుంది.

లేబుల్ మీద పేరు

అదే 1979లో ‘స్పెషల్స్’ పిలుపు వచ్చింది. కోవెంట్రీ పట్నానికి చెందిన కుర్రాళ్లు. కొందరు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు. జాతి ద్వేషాన్ని రెచ్చగొట్టే నేషనల్ ఫ్రంట్ వీధుల్లో ఊరేగుతున్న కాలంలో ఒకే వేదిక మీద కలిసి ఎగిరారు. నాయకుడు జెర్రీ డామర్స్ పెట్టిన లేబుల్ పేరే ‘టూ టోన్’. గుర్తు నలుపు తెలుపు గళ్లు.

స్కాలోకి పంక్ ఆవేశం కలిపారు వాళ్లు. అయితే పాత పాటలను వాడుకుని వదిలేయలేదు. వాటి మనుషులను వెతికారు. తమకంటే ఓ తరం పెద్దవాడైన రికోను, అతడితో పాటు కథెల్‌ను కూడా వెంట తిప్పుకున్నారు. టీవీలో, కచేరీల్లో గెంతులేస్తున్న కుర్రాళ్ల మధ్య నింపాదిగా నిలబడి స్లైడ్ జరుపుతున్న నడివయసు మనిషిని బ్రిటన్ చూసింది. అతడి నాదం వాళ్లకు కొత్త కాదు. ముఖమే కొత్త!

‘టూ టోన్’ లేబుల్ మీదే రికో సొంత ఆల్బంలు రెండు వచ్చాయి. 1981లో ‘దట్ మ్యాన్ ఈజ్ ఫార్వర్డ్’, 1982లో ‘జామా రికో’.

దయ్యాల ఊరు

స్పెషల్స్‌తో రికో చేసిన పాటల్లో తలమానికం ‘ఘోస్ట్ టౌన్’. 1981లో బ్రిటన్‌లో నిరుద్యోగులు పాతిక లక్షలు దాటారు. కార్ల ఫ్యాక్టరీల మీద బతికిన కోవెంట్రీ కుదేలైంది. క్లబ్బులు మూతపడ్డాయి. మూతపడ్డ ఊళ్ల గురించి డామర్స్ రాసిన పాట అది. ఏప్రిల్‌లో లండన్ బ్రిక్స్‌టన్‌లో అల్లర్లు జరిగాయి. జులైలో లివర్‌పూల్ టాక్స్‌టెత్‌తో మొదలై మరెన్నో ఊళ్లు మండాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ పాట బ్రిటన్‌లో నంబర్ వన్‌గా మూడు వారాలు మోగింది.

ఆ పాట నడుమ గొంతులు ఆగిపోతాయి. రికో ట్రాంబోన్ ఒక్కటే నడుస్తుంది. కేకల్లేవు, ఆర్భాటం లేదు. ఖాళీ వీధిలో ఒంటరిగా నడిచిపోతున్నవాడు తనలో తాను గొణుక్కున్నట్టు ఉంటుంది. వలస వచ్చి ఫ్యాక్టరీలో చెమటోడ్చిన మనిషే, మూతపడ్డ ఫ్యాక్టరీల పాటకు ఊదాడు. అతడికి ఆ దిగులును ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ పాట శిఖరాన ఉండగానే స్పెషల్స్‌లో చీలిక వచ్చింది. ముగ్గురు బయటికెళ్లి వేరే బృందం పెట్టుకున్నారు. 1980ల్లో రికో కూడా కొన్నేళ్లు జమైకా వెళ్లిపోయాడు.

అరవై దాటాక...

సెషన్ వాద్యకారులకు పింఛన్లు ఉండవు. పిలుపులే వాళ్ల పింఛను. రికోకు పిలుపులు ఆగలేదు. మళ్లీ లండన్ చేరాడు. బాసిస్టు గ్యారీ క్రాస్బీ 1991లో మొదలుపెట్టిన ‘జాజ్ జమైకా’లో చేరాడు. స్కా, రెగే, జాజ్‌లను ఒకే వేదికెక్కించిన బృందమది. అందులో చాలామంది రికో పిల్లల వయసువాళ్లు.

1996లో పియానిస్టు జూల్స్ హాలండ్ తన రిథమ్ అండ్ బ్లూస్ ఆర్కెస్ట్రాలోకి తీసుకున్నాడు. బూగీవూగీ, బ్లూస్, స్వింగ్... అన్నీ కలగలిపిన పెద్ద బృందం. అరవై దాటిన రికోకు అది కొత్త లోకమేమీ కాదు. చిన్నప్పుడు కింగ్‌స్టన్ వీధి స్పీకర్లలో విన్నది అదేగా! పదహారేళ్లు ఊరూరా తిరిగాడు. హాలండ్ కొత్త సంవత్సరం టీవీ కార్యక్రమంలో ‘ఎంజాయ్ యువర్‌సెల్ఫ్’ పాటను తన బొంగురు గొంతుతో పాడి ఆ తరానికీ దగ్గరయ్యాడు. 2012లో ఆ బృందం నుంచి తప్పుకునేటప్పటికి వయసు 78కి చేరువైంది.

గుర్తింపు కూడా ఆలస్యంగానే వచ్చింది. 2007లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారం ఇచ్చింది. 2012లో జమైకా తన వంతుగా మస్గ్రేవ్ రజత పతకం ఇచ్చింది. 2015 సెప్టెంబరు 4న లండన్‌లో, 80 ఏళ్ల వయసులో రికో కన్నుమూశాడు. ఆ తర్వాత మూడేళ్లకు, 2018లో, జమైకా రెగే సంగీతాన్ని యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో ఎంతమంది పేరులేని వాద్యకారుల ఊపిరి ఉందో లెక్క తీసినవారు లేరు.

రికో ఆ గుంపులోంచి బయటపడటానికి కారణం ప్రతిభ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ప్రతిభ 1967లోనూ ఉంది. ట్రాంబోన్ అదే, పాట అదే, మనిషి అదే. 1979లో అదనంగా జరిగింది ఒక్కటే. పాట తమదే అయినా, అందులోని ఊపిరి ఎవరిదో అడిగి తెలుసుకుని, అచ్చులో రెండు మాటలు చేర్చే మర్యాద కొందరు కుర్రాళ్లకు ఉంది. దానికి అయిన సిరా ఖర్చు ఎంతని? ఆ రెండు మాటలతో ఒక వాద్యకారుడి రెండో జీవితం మొదలైంది.

ఎప్పుడైనా ఆ రెండు ‘రుడీ’ పాటలూ దొరికితే పక్కపక్కన పెట్టి వినండి. పాడేవాళ్లు నోరు తెరవకముందే, ఊదుతున్నది ఎవరో మీకు తెలిసిపోతుంది.